కథ పక్కన శాసనం

ఇంట్లోనే పిల్లలకి చదువు చెప్పాలని నిర్ణయించుకున్న తల్లిదండ్రులు లెక్కలకి భయపడతారు, సైన్సుకి భయపడతారు, చరిత్రకి మాత్రం భయపడరు. కథలే కదా, మనమే చెప్పేయొచ్చు అనుకుంటారు. పుస్తకాల ఎగ్జిబిషన్‌కి వెళ్లి అమర్ చిత్ర కథలు ఒక కట్ట, జాతీయ నాయకుల జీవిత కథలు ఒక కట్ట కొనుక్కొస్తారు. పిల్లలు వాటిని వారం తిరిగేలోగా నమిలేస్తారు. ఆ తర్వాత "శివాజీ ముందా, అశోకుడు ముందా?" అని అడిగి చూడండి, దిక్కులు చూస్తారు. కథలన్నీ నోటికి వచ్చు, కాలం తెలియదు. ఆ సంగతులు మనదాకా ఎలా వచ్చాయో అసలే తెలియదు.

పిల్లల పుస్తకాలతో చరిత్ర చెప్పడం మంచి పద్ధతి. నన్నడిగితే పాఠ్యపుస్తకం కంటే మంచిది. కాకపోతే ప్రతి కథ పక్కనా ఒక సాక్ష్యం పెట్టాలి. అది శాసనం కావచ్చు, నాణెం కావచ్చు, శిల్పం, ఉత్తరం, యాత్రికుడి రాత, తాతమ్మ జ్ఞాపకం, ఏదైనా కావచ్చు. "తర్వాత ఏమైంది?" అని పిల్లలు ఎలాగూ అడుగుతారు. "ఇది రాసినాయనకి ఎలా తెలిసింది?" అని కూడా అడిగేలా చెయ్యడమే మన పని. ఏడాది ప్రణాళిక మొత్తాన్ని ఈ రెండో ప్రశ్న మీద నిలబెట్టొచ్చు.

దీనికి పెద్దల దారి ఉంది. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ (1842–1923) అనే విద్యావేత్త, సారాంశాలు కుక్కిన పాఠాల బదులు విషయం మీద ప్రేమతో రాసిన పుస్తకాలు చదివించమనీ, చదివినదాన్ని పిల్లల చేత సొంత మాటల్లో తిరిగి చెప్పించమనీ అన్నారు. ఈనాటికీ ఎన్నో హోమ్‌స్కూలింగ్ కుటుంబాలు ఆమె మాటే పట్టుకుని నడుస్తున్నాయి. మన దేశంలో ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1928 వేసవిలో పదేళ్ల ఇందిర ముస్సోరీలో ఉంటే, తండ్రి నెహ్రూ అలహాబాద్ నుంచి ఉత్తరాలు రాశారు. భూమి పుట్టుక దగ్గర మొదలుపెట్టి మనిషి కథ చెప్పారు. తర్వాత 1930 నుంచి 1933 దాకా, ఎక్కువ భాగం జైలులోనే, మరో 196 ఉత్తరాల్లో ప్రపంచ చరిత్ర చెప్పారు. చుట్టూ గ్రంథాలయం లేదు, బ్లాక్‌బోర్డు లేదు. ఒక తండ్రి తన కూతురికి చెప్పుకున్న చరిత్ర కోర్సు అది.

సరే, పనిలోకి వద్దాం. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

పుస్తకాల కంటే ముందు గోడ. రెండున్నర మీటర్ల పొడవున కాగితం పట్టీ అంటించండి. ఒక సెంటీమీటరుకి పదేళ్లు. కుడి చివర ఈ ఏడాది. మీ అమ్మాయి వయసు ఒక సెంటీమీటరు. స్వాతంత్ర్యం వచ్చి ఎనిమిది సెంటీమీటర్లు కూడా కాలేదు. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా పాలించాడు, అంటే అంత పెద్ద రాయలకి ఈ పట్టీ మీద దక్కేది రెండు సెంటీమీటర్లు; అదీ ఇక్కడికి అర మీటరు దూరంలో. రుద్రమదేవి కన్ను మూసిన 1289 ఇంకో జానెడు పైన వెనక. శాతవాహన రాజు యజ్ఞశ్రీని చేరాలంటే రుద్రమ దగ్గర్నుంచి ఇంకా మీటరుకి పైగా నడవాలి. భట్టిప్రోలు ధాతువు పేటికల మీది అక్షరాలు పట్టీకి ఎడమ చివరి దగ్గర పడతాయి.

ఆ పట్టీ మీద ఖాళీలు కనబడతాయి. యజ్ఞశ్రీకీ రుద్రమకీ మధ్య అంత ఖాళీ ఎందుకుంది, అప్పుడు మనుషులు లేరా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఉన్నారు. ఇక్ష్వాకులున్నారు, విష్ణుకుండినులున్నారు, తూర్పు చాళుక్యులున్నారు. వాళ్ల మీద బొమ్మల పుస్తకాలు లేవు, అంతే. పుస్తకాలని బట్టి చరిత్ర చెప్పే పద్ధతికి ఉన్న పెద్ద లోపం అది. పుస్తకం ఉన్నవాళ్లే గొప్పవాళ్లనిపిస్తుంది. గోడ మీద ఖాళీ కళ్లకి కనబడుతూ ఉంటే ఆ లోపం కొంత సర్దుకుంటుంది.

ఇక ఏడాదికి ఎన్ని అంశాలు? ఐదు చాలు. ఒక్కోదానికి ఆరు వారాలు. మిగిలిన వారాలు పెళ్లిళ్లకీ జ్వరాలకీ ఆవకాయ రోజులకీ వదిలెయ్యండి, ఎలాగూ పోతాయి. రాజవంశాల పట్టిక ముందేసుకుని అన్నీ పూర్తి చెయ్యాలన్న ఆబ పెట్టుకుంటే మూడో నెలకే చేతులెత్తేస్తారు. నేనైతే ఈ ఐదు తీసుకుంటాను: అమరావతి, రుద్రమ కాలం, విజయనగరం, స్వాతంత్ర్యోద్యమ కాలం, చివరికి మీ సొంత కుటుంబం.

అమరావతికి పుస్తకం వెతుక్కోవాల్సిన పని లేదు. జాతక కథలు, బుద్ధుడి జీవిత కథ తెలుగులో సులువుగా దొరుకుతాయి. వాటిలో నాలాగిరి ఏనుగు కథ చదవండి. బుద్ధుడంటే గిట్టని దేవదత్తుడు ఆయన మీదికి మదపుటేనుగుని వదులుతాడు. అది ఆయన ముందుకొచ్చి మోకరిల్లుతుంది. చదవడం అయ్యాక అమరావతి స్తూపం నుంచి వచ్చిన గుండ్రటి శిల్పం ఫోటో చూపించండి. అసలుది చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఆ ఒక్క చట్రంలోనే ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఒక పక్క జనాన్ని తొక్కుతూ, ఇంకో పక్క బుద్ధుడి ముందు వంగి. మేడల మీంచి ఆడవాళ్లు తొంగి చూస్తుంటారు. కామిక్ పుస్తకాలు చదివే పిల్లలకి ఇది వివరించనక్కర్లేదు, చూడగానే పట్టేస్తారు.

అప్పుడు అసలు ప్రశ్న వెయ్యండి. ఈ కథ జరిగిందని చెప్పే రాజగృహం ఎక్కడో మగధలో ఉంది. శిల్పం చెక్కింది కృష్ణ ఒడ్డున, బుద్ధుడి తర్వాత కొన్ని వందల ఏళ్లకి. మరి శిల్పి ఆ మేడలు, ఆ నగలు, ఆ తలకట్లు ఎక్కడ చూసి చెక్కాడు? తన ఊళ్లో చూసినవే అయ్యుండాలి. కాబట్టి ఈ రాయి బుద్ధుడి కాలం గురించి చెప్పేది తక్కువ, శిల్పి కాలం గురించి చెప్పేది ఎక్కువ. ఈ మాట పదేళ్ల పిల్లకి అర్థమైతే సగం చరిత్ర వచ్చినట్టే. ఎందుకంటే మీరు కొన్న బొమ్మల పుస్తకానికీ ఇదే వర్తిస్తుంది. 1970ల్లో బొంబాయిలో గీసిన రాణి బొమ్మ రాణి కాలం గురించి ఎంత చెబుతుందో, 1970ల బొంబాయి గురించీ అంతే చెబుతుంది.

అమరావతి రాళ్ల ప్రయాణం కూడా ఒక కథే. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ వెళ్లేసరికే స్తూపం రాళ్లని ఊళ్లో కట్టడాలకి వాడేస్తున్నారు. తర్వాత కొన్ని చెన్నై చేరాయి, కొన్ని లండన్ చేరాయి. అక్కడున్న తెలుగు కుటుంబాలకి బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి గది కంటే మంచి చరిత్ర క్లాసు ఇంకోటి లేదు. ఈ రాళ్లు అక్కడికెలా వచ్చాయమ్మా అని పిల్లలు అడుగుతారు. అడగనివ్వండి.

రుద్రమదేవి దగ్గర సామగ్రి పుష్కలం. నవలలున్నాయి, సినిమా ఉంది, పిల్లల పుస్తకాలున్నాయి. మీకు నచ్చినది ఒకటి చదివించి, పక్కన మూడు సాక్ష్యాలు పెట్టండి.

ఒకటి, ఆమె తండ్రి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం. ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే అంతకుముందు రాజులు దాన్ని లాగేసుకునేవారు, తాను మాత్రం నిర్ణయించిన సుంకమే తీసుకుని మిగతాది వర్తకుడికే వదులుతానని ఆయన మాట ఇచ్చాడు. పిల్లలిద్దరుంటే ఒకర్ని ఓడ వర్తకుడిగా, ఒకర్ని రేవు అధికారిగా పెట్టి ఆడించండి. ఇంతకంటే బాగా వాణిజ్యం బోధపడదు.

రెండోది మార్కో పోలో రాత. మోటుపల్లిని ఆయన ముత్ఫిలి అన్నాడు. అక్కడ వివేకవతి అయిన రాణి పాలిస్తోందని, ఆమె చనిపోయిన రాజుగారి భార్య అని రాశాడు. రుద్రమ గణపతిదేవుడి కూతురు. పరాయి దేశం నుంచి వచ్చినవాడు విన్నది విన్నట్టు రాసుకుపోతే ఇలాంటి పొరపాట్లు దొర్లుతాయి. ఇంకో తమాషా ఉంది. ఆ రాజ్యంలో పాములున్న లోయల్లోకి మాంసం ముక్కలు విసురుతారట, వజ్రాలు వాటికి అంటుకుంటాయట, డేగలు ఆ ముక్కల్ని తన్నుకుపోతే మనుషులు వెంటపడి వజ్రాలు ఏరుకుంటారట. ఈ పాటికి మీ అబ్బాయి "ఇది సిందుబాదు కథ కదా!" అని అరవాలి. అరవకపోతే ముందు సిందుబాదు రెండో సముద్రయానం చదివించండి, తర్వాత మార్కో పోలో. సాక్షి కూడా కథలు కలుపుతాడని పిల్లలు తమంతట తాము పట్టుకోవాలి, మనం చెప్పేయకూడదు.

మూడోది నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం, 1289 నవంబరు నాటిది. పువ్వుల ముమ్మడి అనే ఆయన, రుద్రమదేవికీ సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కోసం భూమి దానం చేశాడని అందులో ఉంది. ఆమె ఎలా చనిపోయిందో అందులో లేదు. యుద్ధంలోనే అని చరిత్రకారులు ఊహించారు, ఆ ఊహకి కారణాలున్నాయి. పిల్లల పుస్తకంలో కత్తి దూసి పోరాడే చివరి ఘట్టం అంతా ఈ చిన్న రాతి మీద కట్టిన మేడ. మేడ బాగుండొచ్చు, తప్పులేదు. పునాది ఎంతుందో తెలిస్తే చాలు.

ఇక్కడ నోటుబుక్కు గురించి చెప్పాలి. పేజీని మూడు భాగాలు చెయ్యండి. కథ ఏం చెప్పింది, సాక్ష్యం ఏం చెప్పింది, మనకి తెలియనిదేమిటి. మూడో గడిలో ఏదో ఒకటి రాయందే పేజీ పూర్తి కాలేదని నియమం పెట్టండి. పిల్లలకి మొదట్లో ఇది నచ్చదు. తెలియదని రాస్తే మార్కులు పోతాయని బడిలో అలవాటై ఉంటుంది. కొన్నాళ్లకి ఆ గడే నిండిపోతుంది.

విజయనగరానికి వచ్చేసరికి తెనాలి రామకృష్ణుణ్ణి తప్పించుకోలేం, తప్పించుకోకూడదు కూడా. కథలన్నీ చదివించి కడుపుబ్బ నవ్వించండి. ఆ తర్వాత ఒక సంగతి చెప్పండి. తెనాలి రామకృష్ణకవి 'పాండురంగ మాహాత్మ్యము'ని అంకితమిచ్చింది రాయలకి కాదు, విరూరి వేదాద్రి అనే మంత్రికి. ఈ కవి రాయల తర్వాతి కాలం వాడని చాలామంది పండితుల అభిప్రాయం. మరి రాయల సభలో నవ్వులు పూయించిన ఆ వికటకవి ఎవరు? ఇంట్లో గొడవ లేస్తుంది. లేవనివ్వండి. కథ అబద్ధమని తేల్చేసి పిల్లల సరదా చంపకండి. జనం ఒక రాజుని ఎంత ఇష్టపడితే ఆయన చుట్టూ అన్ని కథలు చేరతాయి. ఆ ఇష్టం కూడా చరిత్రే.

రాయల్ని చూసినవాడు మాత్రం ఒకడున్నాడు. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో విజయనగరంలో ఉన్నాడు. రాజు మధ్యస్థమైన ఎత్తు అన్నాడు, సన్నం కంటే కాస్త లావే అన్నాడు, ముఖాన స్ఫోటకం మచ్చలున్నాయన్నాడు. తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి పట్టించుకుని, బరువులెత్తి, కత్తి తిప్పి, కుస్తీ పట్టి, తర్వాత గుర్రమెక్కి స్వారీ చేసేవాడట. రాబర్ట్ సీవెల్ 1900లో వేసిన విజయనగర చరిత్రలో ఈ రాత ఇంగ్లీషులో ఉంది. ఆ పేరా మీరు తెలుగు చేసి చదివి వినిపించండి. తర్వాత పుస్తకం అట్ట మీది రాయల బొమ్మ ముందు పెట్టి పోల్చమనండి. తిరుమల గుళ్లో దేవేరులతో కలిసి చేతులు జోడించి నిలబడ్డ రాయల లోహ విగ్రహం ఉంది. ఈసారి దర్శనానికి వెళ్తే దాటిపోకుండా చూపించండి. క్యూలో తోపులాట ఉంటుందనుకోండి, అయినా.

పుస్తకాలు ఎలా ఎంచుకోవాలో ఇప్పుడు చెబితే అర్థవంతంగా ఉంటుంది. అనంత్ పాయ్ 1967లో మొదలుపెట్టిన అమర్ చిత్ర కథల్ని కొందరు నెత్తిన పెట్టుకుంటారు, కొందరు ఇంట్లోకి రానివ్వరు. నా మట్టుకు అవి ఉండాలి, ఒంటరిగా ఉండకూడదు. వాటిలో వీరులు తెల్లగా, దుష్టులు నల్లగా ఎందుకుంటారని పిల్లల్నే అడగండి. పక్కన తులికా ప్రచురణల తెలుగు పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం, సికింద్రాబాద్ మంచి పుస్తకం వారి ప్రచురణలు చూడండి. ఖర్చు పెట్టలేనివాళ్లకి ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. కొనే ముందు పుస్తకం చివరి పేజీ తిప్పండి. ఇందులో ఎంత నిజం, ఎంత కల్పన అని రచయిత ఒక్క ముక్క రాశాడంటే ఆ పుస్తకం మీద నా గౌరవం పెరుగుతుంది. ప్రతి పేజీలో ఒకే వీరుడు తప్ప ఇంకో మనిషి పేరు కనబడకపోతే పక్కన పెట్టేస్తాను. మీ కోసం మాత్రం ఒకటి కొనుక్కోండి: సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. ఏ కాలంలో మనవాళ్లు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆటలాడారు అన్నది అందులో ఉంది. రాజుల కథలు చదివి వినిపించే తల్లిదండ్రుల చేతిలో ఆ పుస్తకం ఉండాలి.

స్వాతంత్ర్యోద్యమంలో పెద్ద నాయకుల కంటే ముందు పిల్లలు తమ ఈడువాళ్లని చూడాలి. 1923 కాకినాడ కాంగ్రెసులో ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర వలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసిన దుర్గాబాయికి అప్పటికి పద్నాలుగేళ్లు. అంబేడ్కర్ చిన్నతనం మీద సౌమ్యా రాజేంద్రన్ రాసిన పిల్లల పుస్తకం తులికా వేసింది. దాని పక్కన అంబేడ్కర్ తానే రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లోని మొదటి ఘట్టం పెట్టండి. 1901లో తండ్రిని చూడటానికి అన్నదమ్ములు రైలు దిగుతారు. వాళ్లు అంటరానివాళ్లుగా చూసే మహర్ కులం వాళ్లని తెలిసి బండివాళ్లెవరూ ఎక్కించుకోరు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకుంటాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడు. దారంతా దాహం. సాక్ష్యం చెప్పేవాడే ఆ బండిలో కూర్చున్న పిల్లవాడు. ఇక్కడ "ఎలా తెలిసింది?" అన్న ప్రశ్నకి జవాబు సూటిగా ఉంటుంది, దాని బరువూ పిల్లలకి తెలుస్తుంది. ఆ రోజు నోటుబుక్కు రాయించకపోయినా ఫర్వాలేదు. దేశ విభజనకి నీనా సబ్నానీ రాసిన 'ముకంద్ అండ్ రియాజ్' చాలు. తండ్రి చెప్పిన జ్ఞాపకాన్నే ఆమె పుస్తకం చేశారు.

అక్కణ్ణుంచి ఐదో అంశానికి దారి సులువు. మీ ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి అడిగించండి. "పాత రోజులు ఎలా ఉండేవి?" అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. మీ ఊరికి కరెంటు ఎప్పుడొచ్చింది, రేషన్ ఎంత ఇచ్చేవారు, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మీరెక్కడున్నారు అని అడగాలి. చెప్పినదాన్ని అప్పటి పత్రికతోనో, ఇంకో బంధువు మాటతోనో సరిచూడమనండి. మామ్మ చెప్పినదానికీ చిన్నతాత చెప్పినదానికీ పొంతన కుదరదు. మార్కో పోలో దగ్గర నేర్చుకున్నది ఇక్కడ పనికొస్తుంది.

వారం ఎలా గడవాలో రెండు ముక్కలు. మూడు రోజులు చాలు, రోజుకి ముప్పావుగంట. మొదటి రోజు మీరు పైకి చదవండి. చదవడం వచ్చిన పిల్లలకి కూడా. రెండో రోజు పిల్లలు పుస్తకం మూసి తమ మాటల్లో చెప్పాలి, మీరు మధ్యలో దిద్దకూడదు. మూడో రోజు సాక్ష్యం, నోటుబుక్కు, గోడ మీద పట్టీ.

పదమూడు దాటిన పిల్లలుంటే ఐదు అంశాలూ పక్కన పెట్టి ఒక్క పుస్తకం పట్టుకోండి: ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఈయన 1830 మే 18న బయల్దేరి, తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి, అక్కణ్ణుంచి గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దేశంలో రైలు రావడానికి ఇంకా ఇరవై ఏళ్లకి పైగా ఉంది. దారిలో చూసిందంతా స్నేహితుడికి రాసి పంపాడు, 1838లో అచ్చయింది. ఏ మజిలీలో నీళ్లు బాగున్నాయి, ఎక్కడ బాట చెడిపోయింది, ఎక్కడ ఏ వస్తువు దొరుకుతుంది అన్నీ ఉంటాయి. గోడకి పెద్ద మ్యాపు తగిలించి రోజుకి ఒక మజిలీ చొప్పున గుండుసూది గుచ్చుకుంటూ పోతే చరిత్రతో పాటు భూగోళం, ఆర్థికం కూడా కలిసొస్తాయి. భాష మొదట కాస్త అడ్డుపడుతుంది, పది పేజీలు దాటితే దారికొస్తుంది. ఇక్కడ కథా, సాక్ష్యమూ ఒకటే పుస్తకం. ఆయన్ని ఎంతవరకు నమ్మొచ్చు, ఎవర్ని చూసి ముఖం చిట్లించాడు, ఎవర్ని అసలు చూడనే లేదు అని అడగడం పిల్లల వంతు.

పరీక్షల మాట. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాయడానికి పద్నాలుగేళ్లు నిండాలి. ఆ ఏడాది సిలబస్ పుస్తకం కొని చదివిస్తే సరిపోతుంది. అంతవరకు దాన్ని ఇంట్లోకి తేవాల్సిన తొందర లేదు.

ఈ ఆదివారమే మీ ఊరి పాత గుడికి పిల్లల్ని తీసుకెళ్లి ధ్వజస్తంభం దగ్గర, ప్రాకారం గోడ మీద శాసనం ఉందేమో వెతకండి. చాలా గుళ్లలో ఉంటుంది, సున్నం కొట్టి ఉంటుంది. ఊళ్లో దొరక్కపోతే మ్యూజియానికి వెళ్లండి. సాలార్‌జంగ్‌కీ, అమరావతి, నాగార్జునకొండ మ్యూజియాలకీ శుక్రవారం సెలవు, ఆ రోజు మాత్రం బయల్దేరకండి.